తుపాకుల ఫ్యాక్టరీకి చోటు వెతుకుతూ: నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా ఒక రోజు

ఈ ప్రయాణం దేవుణ్ణి చూడటానికి మొదలుపెట్టింది కాదు. నంద్యాల వెళ్తున్నానంటే మా వీధిలో వాళ్ళంతా మహానందికా, అహోబిలానికా అని అడిగారు. తుపాకుల ఫ్యాక్టరీకి స్థలం చూడటానికి అంటే ఎవరూ నమ్మలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. కర్నూలులో ఒక పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. నా చేతిలో మైక్రోమీటరు తప్ప వేరే ఆయుధం ఎవరూ చూసి ఉండరు.

నన్ను పిలిచింది ఎస్తేరు, నా పాత విద్యార్థిని. సొంతూరు దొర్నిపాడు దగ్గర. వాళ్ళమ్మ శనగ చేలల్లో కూలికి పోయి చదివించింది. ఎస్తేరు ఇప్పుడు పోలీసులకూ సైన్యానికీ రైఫిళ్ళు చేసే ఒక ప్రైవేటు కంపెనీలో ఇంజినీరు. కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెట్టాలనుకుని మూడు రాష్ట్రాల్లో చోట్లు చూస్తోంది. మన వైపు చూసే పని మొదటిసారిగా ఆమెకు అప్పగించారు. ఇక్కడి చోటు ఖాయమైతే ఫ్యాక్టరీ కట్టించే బాధ్యత కూడా ఆమెదే. పన్నెండేళ్ళుగా ఎక్కడో దూరాన, భాష తెలియని ఊళ్ళో పనిచేస్తున్న పిల్లకు అది చిన్న సంగతి కాదు. "నేల సంగతి నేను చూసుకుంటా మేడం. చేతుల సంగతి మీరు చూడల్ల. ఈడి పిల్లోళ్ళకు నేర్పిస్తే వెంట్రుకలో పదోవంతు తేడా పట్టుకుంటారా లేదా, మీరు చెప్తే నేను రాసుకుంటా" అంది ఫోన్లో. ఫిబ్రవరి చివరి వారం. ఎండలు ఇంకా ముదరలేదు. సరేనన్నాను.

కర్నూలు బస్టాండు నుంచి నంద్యాలకు తెల్లవారుజాము నుంచే బస్సులుంటాయి. నేను ఐదున్నర బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు, మగవాళ్ళకు నూరు రూపాయలు దాటుతుంది. ఓర్వకల్లు గుట్టలు దాటేసరికి తెల్లగా వెలుతురు వచ్చింది. ఏడుంబావుకు నంద్యాలలో దిగాను. ఎస్తేరు ముందు రోజే వచ్చి రైల్వే స్టేషను దగ్గర లాడ్జిలో దిగింది. అద్దె కారుతో బస్టాండు బయటే నిలబడి ఉంది. చుడీదారు, కాళ్ళకు బూట్లు, చేతిలో లావుపాటి ఫైలు. తరగతిలో చివరి బెంచీలో కూర్చుని ఎప్పుడూ తల దించుకుని ఉండే అమ్మాయి, ఇప్పుడు మనిషిని సూటిగా చూసి మాట్లాడుతోంది. నాకు ముందు సంతోషం కలిగించింది అదే.

డ్రైవరు పేరు మస్తాన్, నలభై ఐదేళ్ళుంటాయి. రోజుకు డీజిలుతో కలిపి మూడున్నర వేలకు మాట్లాడుకున్నారు. బస్టాండు ఎదుటి సందులో ఒక బండి దగ్గర ముగ్గురం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. బండి నడిపే ఆవిడ బొరుగులు నానబెట్టి పిండి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఇచ్చింది. నంద్యాల వెళ్ళినవాళ్ళు హోటల్లో ఇడ్లీ తిని రావడం నాకు నచ్చదు. ఎనిమిది లోపల వెళ్తే ఉగ్గాని వేడిగా దొరుకుతుంది.

తింటూ ఉండగా మస్తాన్ అడిగాడు. "తుపాకులు చేసేటోళ్ళంట గదా మేడం. సీమలో తుపాకుల ఫ్యాక్టరీ అంటే బయటోళ్ళు ఏమనుకుంటారో ఆలోచన చేసినారా? సినిమాల్లో జూపిచ్చినట్ల ఈడ ఎవురూ లేరు. మేము బిడ్డల్ని బడికి పంపిచ్చుకోని, కార్లు తోలుకోని బతుకుతాండాం."

ఎస్తేరు నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. "నేనూ ఈడిదాన్నే అన్నా. ఆ పేరు నాకూ తెల్సు. ఈడోళ్ళ చేతుల్లో ఇంత కచ్చితమైన పని ఉండాదని తెలిస్తే ఆ పేరు పోతాదని నా ఆశ" అంది. మస్తాన్ ఖాళీ ప్లేటు బండి మీద పెట్టి, "అట్లయితే పోదాం పాండి" అన్నాడు.

మొదటి చోటు కోయిలకుంట్ల దారిలో ఉంది. దారిపొడవునా శనగ కోతలు అయిపోయిన నల్లరేగడి చేలు. కార్లో కూర్చున్నంతసేపూ నేను అడుగుతూ పోయాను, ఎస్తేరు చెబుతూ పోయింది. తుపాకులు చేసేవాళ్ళు చోటు ఎలా ఎంచుకుంటారో నాకు అంతవరకూ తెలియదు. చవకగా నేల, రోడ్డు, కరెంటు ఉంటే చాలనుకునేదాన్ని. అవన్నీ చివర చూస్తారట. ముందు చూసేది నేల కదలకుండా ఉంటుందా అని. రైఫిలు గొట్టానికి లోపల పొడవునా రంధ్రం తొలిచే యంత్రం కింద పునాది కాస్త వంగినా గొట్టం వంకర పోతుంది. దగ్గర్లో క్వారీలో రాయి పేలుస్తుంటే ఆ అదురుకు కొలతలు తప్పుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఉక్కు తుప్పు పడుతుంది, అందుకే సముద్రం పక్కన పెట్టరు. తయారైన ప్రతి తుపాకినీ పేల్చి చూడాలి కాబట్టి ఆ గోడ వెనక మనుషులు ఉండకూడదు. పేల్చడానికి తూటాలు కావాలి, తూటాలు నిలవ ఉంచే గది చుట్టూ ఇంత దూరం ఖాళీ ఉండాలని చట్టం చెబుతుంది. సరుకు బయటికి పోవాలంటే పోలీసు కాపలా కావాలి, స్టేషను మరీ దూరం కాకూడదు. రైలు దగ్గరుండాలి. అన్నిటికీ మించి పని నేర్చుకునే మనుషులుండాలి. వాళ్ళు సెలవు రోజు సొంతింటికి పోయి రాగలిగేంత దగ్గర్లో ఉండాలి. అలా ఉన్నవాళ్ళే ఇరవై ఏళ్ళు అదే యంత్రం మీద నిలబడతారని ఎస్తేరు అంది. ఈ మాట ఆమె పుస్తకంలో చదివి చెప్పలేదు.

ఇరవై నిమిషాల్లో చోటు వచ్చింది. రోడ్డు పక్కనే, అరచేయిలా చదునుగా ఉంది. పైన హైటెన్షన్ తీగలు లేవు, దగ్గర్లో ఇళ్ళు లేవు. కాగితం మీద ఎంతో బాగున్న చోటు. ఎస్తేరు కారు దిగి పది అడుగులు నడిచి ఆగింది. నేల నెర్రెలు విచ్చి ఉంది. కంప చెట్టు నుంచి ఒక పుల్ల విరిచి నెర్రెలో దింపింది. మోచేతి లోతు పోయింది.

"చూసినారా మేడం. వాన పడితే ఈ మన్ను పొంగుతాది, ఎండితే కుంగుతాది. దీన్లో మా అమ్మ నలభై ఏండ్లు శనగ పండించింది. యంత్రం మాత్రం నిలబడదు" అని పుల్ల అక్కడే వదిలేసి, ఫైల్లో ఒక గీత కొట్టింది. పునాది లోతుగా తవ్వి మట్టి మార్పించవచ్చు కదా అని అడిగాను. మార్పించవచ్చు గానీ, శనగకు ఇంత మంచి నేలను తవ్వి పారబోయడానికి మనసొప్పదని చెప్పింది. ఆ వాక్యం మాత్రం ఫైల్లో రాయలేదు.

తొమ్మిదిన్నరకు నంద్యాల వచ్చేసి లేతు షాపులుండే వీధికి వెళ్ళాం. ట్రాక్టరు సామాన్లు, బోరు మోటార్ల షాఫ్టులు బాగుచేసే షాపులవి. ఖాజా అనే ఆయన షాపులో నాకన్నా వయసున్న లేతు ఒకటి నడుస్తోంది. దాని మీద ఆయన ఒక షాఫ్టు తిప్పుతున్నాడు. పని పూర్తయ్యేదాకా చూపు తిప్పలేదు. పూర్తయ్యాక నేను మైక్రోమీటరు తీసి రెండు చివర్లా, మధ్యలో కొలిచాను. మూడు చోట్లా ఒకటే లెక్క. పాత లేతుకు బెడ్డు, అంటే పనిముట్టు జరిగే కింది పట్టా, అరిగి ఉంటుంది, మధ్యలో తేడా రావాలి. ఎలా కుదిరిందని అడిగాను.

"యాడ అరిగిందో నాకు తెల్సు గదక్కా. ఆడికొచ్చేసరికి చెయ్యి దానంతట అదే కొంచెం వెనక్కి లాగుతాది" అన్నాడు ఖాజా. ఎవరి దగ్గర నేర్చుకున్నారంటే, "మా నాయన దగ్గర. ఆయన కొలిచేదానికి నూలుదారం వాడుతాండె" అన్నాడు. ముప్పై ఏళ్ళు నేను బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పిన పాఠం ఈయన చేతిలో ఉంది. నా నోటు పుస్తకంలో మొదటి పేజీ ఆయనకే ఇచ్చాను.

పదకొండింటికి బయల్దేరి శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డ చేరేసరికి పన్నెండయింది. రోడ్డు బాగుంది. కారు లేనివాళ్ళకు నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంట పడుతుంది. దారిలో ఎడమచేతి వైపు నల్లమల కొండలు మనతోపాటే వస్తుంటాయి. ఊళ్ళోకి రాగానే ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆళ్ళగడ్డ శిల్పుల గురించి విన్నవాళ్ళే గానీ చూసినవాళ్ళు తక్కువ. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన రాతి దేవుళ్ళు, దేశనాయకులు, తెల్లటి రాతి పొడి కప్పుకుని పని చేస్తున్న మనుషులు. ఎవరైనా ఆగి చూడవచ్చు, ఎవరూ వద్దనరు.

వీరాచారి అనే శిల్పి షెడ్డులో మేం గంటసేపు ఉన్నాం. ఆయన నల్లరాతి విగ్రహానికి కనురెప్ప చెక్కుతున్నాడు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో కొత్త విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టేదాన్ని. చూడటానికి ఒకేలా ఉండే రెండు ఉక్కు ముక్కలిచ్చి, ఏది మందమో వేలితో తడిమి చెప్పమనేదాన్ని. తేడా పలచటి కాగితమంత కూడా ఉండదు. తరగతిలో ఒకరో ఇద్దరో చెప్పేవాళ్ళు. ఆ ముక్కలు సంచిలో ఉంటే తీసి వీరాచారికి ఇచ్చాను. ఆయన చేతులు తుడుచుకుని, రెండింటినీ పక్కపక్కన ఆనించి, బొటనవేలు ఒక్కసారి అడ్డంగా పోనిచ్చాడు.

"ఇది లావు" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. అటూ ఇటూ మార్చి మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ సరిగ్గానే చెప్పాడు. షెడ్డులో ఇంకో నలుగురికి ఇస్తే ముగ్గురు చెప్పారు.

"మీ పిల్లలకు ఫ్యాక్టరీలో పని అంటే పంపిస్తారా?" అని ఎస్తేరు అడిగింది.

వీరాచారి విగ్రహం కనురెప్ప మీద దుమ్ము ఊది, "పని నేర్చేదానికయితే పంపిస్తా తల్లీ. కానీ నేను చెక్కేది జనం దండం పెట్టుకునేదానికి. మీరు చెక్కేది ఎందుకో మీకే తెల్సు. ఆ సంగతి మావాడు ఆలోచన చేసుకోవల్ల, నేను కాదు" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఎస్తేరు తల ఊపింది. ఆ ప్రశ్న నాలోనూ ఉంది. సరిహద్దులో నిలబడినవాడి చేతిలో తుపాకి సరిగ్గా పేలాలని నేను కోరుకుంటాను. అది ఎవరి మీదా పేలకూడదని కూడా కోరుకుంటాను. ఈ రెండూ కలిసి బతికే మనిషిని నేను. అంతకంటే తేల్చుకోలేదు.

బస్టాండు వెనక ఒక మెస్సులో జొన్నరొట్టె, గోంగూర పప్పు, అన్నం, పెరుగు తిన్నాం. మనిషికి నూటపది. రొట్టె తట్టే ఆవిడ అడక్కుండానే మూడో రొట్టె వేసింది. రెండింటికి అసలు చోటుకు బయల్దేరాం.

ఆళ్ళగడ్డ దాటి కొండల వైపు కొంత దూరం పోయాక, మట్టిరోడ్డు చివర యాభై ఎకరాల ఎర్రగరప నేల, గులకరాళ్ళు కలిసిన గట్టి మన్ను. కారు దిగగానే ఎస్తేరు ముఖం మారిపోవడం చూశాను. కాలితో నేల తన్ని చూసింది, రాయిలా ఉంది. ఎక్కడా నెర్రె లేదు. తూర్పున ఒక చిన్న గుట్ట, పేల్చి చూసే చోటుకు దేవుడే కట్టి ఇచ్చిన గోడలా ఉంది. ఇళ్ళు లేవు, క్వారీలు లేవు. నీళ్ళకు కాలువ దూరం కాదు. నేల అంతా ఒక్కరి పేరు మీదే ఉంది, తగాదాలు లేవు. ఎస్తేరు ఫైలు తెరిచి ఒక్కో గడిలో టిక్కు పెడుతూ పోయింది. ఇళ్ళు ఎంత దూరం, రోడ్డు ఎంత దూరం, రైలు పట్టాలు, కరెంటు తీగలు, బడి, ఆసుపత్రి. అన్నిటికీ టిక్కు. నాకైతే అక్కడే షెడ్లు లేచినట్టు కనిపించింది.

నేల యజమాని రామలక్ష్మమ్మ గొడుగు వేసుకుని నడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన రైతు, భర్త పోయాక పదిహేనేళ్ళుగా తనే సేద్యం చేయిస్తోంది. ఈ మెట్టనేలలో ఎప్పుడూ గిట్టుబాటు కాలేదని, ఫ్యాక్టరీ వాళ్ళకిస్తే కాలువ కింద పదెకరాలు కొనుక్కుంటానని ముందే చెప్పింది. ఎస్తేరు అన్నీ మాట్లాడి, చివరగా, తన ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఆ గుట్టెనకాల ఎవురన్నా తిరుగుతారా పెద్దమ్మా?"

రామలక్ష్మమ్మ గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. లేదని ఒక్క మాట అంటే ఆమె బేరం కుదిరిపోతుంది. గుట్ట వెనక ఎక్కడ చూసినా ఎండే తప్ప పురుగు లేదు.

"ఇప్పుడు ఎవురూ లేరు. ఐదు దాకా ఉండండి" అంది. మళ్ళీ తనే అంది. "నేను జెప్పేదానికంటే మీరే జూడండి. నేల అమ్ముకుంటే అమ్ముకుంటా, అబద్ధం మాత్రం అమ్ముకోను."

ముగ్గురం గుట్ట వెనక నీడలో కూర్చున్నాం. మస్తాన్ కారులో నిద్రపోయాడు. రామలక్ష్మమ్మ ఇంటి నుంచి మజ్జిగ తెప్పించింది. ఐదుకు పది నిమిషాలుండగా కాలువ వైపు నుంచి మాటలు వినిపించాయి. తర్వాత మనుషులు కనిపించారు. మిరప కోతలకు పోయి వస్తున్న కూలీలు, ఒకరి వెనక ఒకరు, గుట్ట వెనక సన్నటి బాట మీద. అంతసేపూ మా కళ్ళ ముందే ఉన్న బాట, మనుషులు నడిస్తే గానీ మాకు బాటలా కనపడలేదు. లెక్కపెడితే ముప్పై ఎనిమిది మంది. ఎక్కువ మంది ఆడవాళ్ళే. చేతుల్లో ఖాళీ క్యారియర్లు, నెత్తిన గడ్డి మోపులు. పేల్చి చూసే గోడ అనుకున్న గుట్ట వెనకే ఆ బాట, తూటాల గది చుట్టూ ఖాళీగా ఉండాల్సిన దూరం కూడా సరిగ్గా దాని మీదికే వస్తుంది. ఎస్తేరు లేచి నిలబడింది.

వాళ్ళలో సుశీలమ్మ అనే ఆవిడ మమ్మల్ని చూసి ఆగింది. "ఏందమ్మా, ఈడ కూసోనుండారు? యాడోళ్ళు మీరు?"

ఎస్తేరు దాచకుండా చెప్పింది. ఫ్యాక్టరీ వస్తే ఈ బాట మూసేయాలని కూడా చెప్పింది. అందరూ మోపులు దించారు. అయ్యో అంటారని, వద్దంటారని నేను ఎదురుచూశాను. సుశీలమ్మ అడిగింది వేరే.

"మా పాప నంద్యాల్లో ఐటీఐ సదివింది, ఫిట్టరు. రెండేండ్లయ్యె, యాడా పని లేదు. ఫ్యాక్టరీ వస్తే దానికిస్తారా?"

"పరీక్ష పెడతారు. పాసయితే ఇస్తారు" అంది ఎస్తేరు.

"అట్లయితే నేను సుట్టు తిరిగి పోతా. ఎంత, ఇంగో గంట. నా కూతురు నెత్తిన ఈ మోపు లేకుంటే సాలు."

వెనక నుంచి ఒక ముసలావిడ కల్పించుకుంది. "నువ్వు పోతావులే సుశీలా, నీకి మోకాళ్ళు ఉండాయి. పొద్దున గంట, మాపుసారి గంట అంటే నేను పని ఇడిసిపెట్టాల్సిందే. నాకేం ఫ్యాక్టరీలో పని ఇస్తారా?"

సుశీలమ్మ ఆ ముసలావిడ మోపు మళ్ళీ ఆమె నెత్తికెత్తి, తన మోపు ఎత్తుకుంది. ఇద్దరూ కలిసే వెళ్ళిపోయారు. వెళ్ళేముందు సుశీలమ్మ కూతురి ఫోను నంబరు చెబితే నేను రాసుకున్నాను.

వాళ్ళు కనుమరుగయ్యాక ఎస్తేరు కారు బానెట్టు మీద ఫైలు తెరిచి గడులన్నీ మళ్ళీ ఒకసారి చూసింది. బాట సంగతి ఏ గడిలోనూ లేదు. ఇళ్ళ గడి ఉంది, రోడ్ల గడి ఉంది, వాటన్నిటికీ ఆమె పెట్టిన టిక్కులు నిజమైనవే. అలాగే పంపినా ఆమె అబద్ధం రాసినట్టు కాదు. బాట గురించి రాస్తే ఆ చోటు వెనకబడుతుంది, దాంతో ఆమె సొంత నేలకు రావడమూ వెనకబడుతుంది. నేను కారుకు అటువైపు పోయి నిలబడ్డాను. ఆమె పరీక్ష రాస్తున్నప్పుడు కూడా నేను పక్కన నిలబడి మాట్లాడింది లేదు.

"మా అమ్మ నడిచిన బాట కూడా ఏ పటంలోనూ లేదు మేడం" అంది. ఫారం కింద ఖాళీ జాగాలో చేత్తో రాసింది. గుట్ట వెనక నడకదారి ఉంది, కూలీలు రోజూ రెండు పూటలా నడుస్తారు, మళ్ళిస్తే పూటకు గంట చుట్టు. బిడ్డల పని కోసం చుట్టు తిరగడానికి ఒప్పుకునేవాళ్ళున్నారు, తిరగలేని ముసలివాళ్ళూ ఉన్నారు. రెండు మాటలూ రాసింది. పేల్చి చూసే చోటునూ తూటాల గదినీ పడమరకు జరిపితే బాట మిగులుతుందేమో అని ఒక చిన్న పటం కూడా గీసింది, కానీ అటు జరిపితే రోడ్డుకు దగ్గరవుతుందని కిందే రాసింది. రామలక్ష్మమ్మకు చదివి వినిపించింది. ఆమె అంతా విని, "బాగా రాసినావు" అంది. తమ చేలో కాసినవని చెప్పి ఎస్తేరుకు దోసెడు పచ్చి కందికాయలు పెట్టింది. ఆరుంబావుకు బయల్దేరి, నంద్యాలలో ఏడున్నర కర్నూలు బస్సు అందుకున్నాను.

నెలన్నర తర్వాత ఎస్తేరు ఫోన్ చేసింది. కంపెనీ వేరే రాష్ట్రంలో చోటు ఖాయం చేసింది. ఎవరైనా నిన్ను తప్పుపట్టారా అని అడిగాను. లేదట. పైవాళ్ళు ఆమె గీసిన పటం మీద రెండు రోజులు చర్చించారట, పడమరకు జరిపితే రోడ్డు మరీ దగ్గరై కుదరలేదట. తర్వాత ఆమె పెద్దాఫీసరు ఖాయమైన చోటుకు కూడా ఆమెనే పంపి, అక్కడి జనం ఏ దారిన నడుస్తారో చూసి రమ్మన్నాడట. "బాధగా ఉందా?" అన్నాను. "ఉండాది మేడం. అమ్మకు ఈ ఏడు దగ్గరికొస్తా అని చెప్పినా" అంది. ఆ వెంటనే కొత్త చోట మట్టి ఎలా ఉందో ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టింది. సుశీలమ్మ కూతురు కర్నూలు వచ్చి మా ఇంట్లో పన్నెండు రోజులుండి కొలతల పని నేర్చుకుంది. కంపెనీ పరీక్ష రాసింది, ఈసారి పాసవ్వలేదు. రెండు మార్కుల్లో పోయింది. మళ్ళీ రాస్తుంది, నేను మళ్ళీ నేర్పుతాను. రామలక్ష్మమ్మ నేల ఇంకా అమ్ముడుపోలేదు.

ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఏ ఊళ్ళోనూ ఒక్క రోజులో ఇంతమంది గట్టి మనుషుల్ని చూడలేదు. అరిగిన లేతు మీద సరైన షాఫ్టు తిప్పే మనిషి, బొటనవేలితో కాగితమంత తేడా పట్టే మనిషి, బేరం పోతుందని తెలిసీ ఐదు దాకా ఆగమన్న మనిషి, తనకు నష్టమని తెలిసీ మరో నాలుగు వాక్యాలు రాసిన మనిషి. ఫ్యాక్టరీ ఆళ్ళగడ్డకు రాకపోవడం నష్టమే, కాదనను. సుశీలమ్మ ఇంట్లో అది ఎంత నష్టమో నాకు తెలుసు. అయినా చోటు వెతకడమంటే చవక నేల వెతకడం అనుకునే నాకు, అక్కడ ఉన్నవాళ్ళను ముందు చూడటం అని నా దగ్గర చదువుకున్న పిల్ల నేర్పింది.

మీరు ఫ్యాక్టరీకి గానీ, ఇంటికి గానీ, తోటకు గానీ ఆ వైపు నేల చూడటానికి వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పొద్దున ఏడు లోపల ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి వెళ్ళండి. మధ్యాహ్నం పూట ఏ నేలైనా ఖాళీగానే కనిపిస్తుంది.